జింక లెక్క

సిరిసిల్ల నేత కార్మికుడు రాష్ట్రం దాటాడంటే భీవండికో, సూరత్‌కో, షోలాపూర్‌కో అనుకోవాలి. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి ఎవరైనా పెట్టె సర్దుకుని బయల్దేరితే అది దుబాయ్‌కో, మస్కట్‌కో. ఈ ప్రాంతంలో ఇల్లు వదిలి దూరం పోవడమంటే పొట్టకూటి కోసమే. అలాంటిచోట ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. అమెరికాలో ఆకులు రాలే కాలం వచ్చిందంటే చాలు, ఎంతోమంది ఆఫీసులకు సెలవు పెట్టి, వందల మైళ్లు కారు నడుపుకుంటూ పక్క రాష్ట్రాలకు బయల్దేరతారు. ఎందుకయ్యా అంటే... ఒక్క జింక కోసం! అదీ ముఖ్యంగా దాని కొమ్ముల కోసం!

ఇప్పుడు ఆ కబురు ఈ ఊళ్లకూ చేరుతోంది. గల్ఫ్‌కు వెళ్లిన తరం పిల్లలు అమెరికాకు వెళుతున్నారు కదా! కోరుట్ల వైపు ఏ రైతు ఇంట్లోనైనా ఇలాంటి సంభాషణ జరిగిందనుకోండి. ఇక్కడ పొద్దుగూకే వేళ, అక్కడ తెల్లవారే వేళ. టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు వీడియో కాల్‌లో ఓ ఫొటో చూపిస్తాడు. తనతో పనిచేసే అమెరికన్ కాన్సాస్ రాష్ట్రానికి పోయి కొట్టుకొచ్చిన జింక. చెట్టుకొమ్మల్లా విచ్చుకున్న కొమ్ములు. 'వచ్చే ఏడాదికి నువ్వూ దరఖాస్తు పెట్టుకో, కలిసి పోదాం అంటున్నడు బాపూ' అంటాడు కొడుకు.

తండ్రి కాసేపు ఫొటోను చూస్తాడు. తర్వాత అడుగుతాడు.

'గదేందిరా! ఆడ చంపితె పండుగ. ఈడ చంపితె జైలు. జింక జింకే నాయె. గిదేం లెక్క?'

కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదది. దానికి జవాబు కావాలంటే రెండు దేశాల లెక్కలూ తిరగేయాలి.

తెల్ల తోక జెండా

అమెరికాలో ఇంతమందిని ఊరూరా తిప్పే ఆ జింక పేరు వైట్ టెయిల్డ్ డీర్. తెల్ల తోక జింక. దాని తోక అడుగుభాగం తెల్లగా ఉంటుంది. ప్రమాదం పసిగట్టగానే తోక పైకెత్తి, తెల్లజెండా ఊపినట్టు ఊపుకుంటూ పారిపోతుంది.

దాని కొమ్ముల కథ వేరు. మన కృష్ణజింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి. తెల్ల తోక జింకకు, మన దుప్పికి అలా కాదు. పాత కొమ్ములు రాలిపోతాయి, మళ్లీ కొత్తవి మొలుస్తాయి. వయసు, తిండి, వంశం బాగుంటే కొమ్ములు ఏటికేడూ పెద్దవవుతాయి. అయిదారేళ్ల మగజింక తల మీద ఉన్నవే అసలైన 'ట్రోఫీ'. వాటిని కొలవడానికి అక్కడో పద్ధతే ఉంది. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు కొమ్ముల పొడవు, చుట్టుకొలత, వెడల్పు అన్నీ అంగుళాల్లో కొలిచి మార్కులు వేస్తుంది. రెండు పక్కలా సమంగా ఉండే రకంలో 170 మార్కులు దాటితేనే దాని శాశ్వత రికార్డు పుస్తకంలో చోటు.

అంతటి జింకలు అన్నిచోట్లా దొరకవు. అయోవా, కాన్సాస్, ఇల్లినాయిస్ లాంటి రాష్ట్రాల్లో మైళ్లకొద్దీ మక్కచేన్లు, సోయాచేన్లు. జింకలకు కావలసినంత మేత. అందుకే పక్క రాష్ట్రాల వేటగాళ్ల చూపంతా అటువైపే.

ఇందులో ఓ తమాషా ఉంది. 213 పైచిలుకు మార్కులతో ప్రపంచ రికార్డుకెక్కిన జింకను కొట్టింది రాష్ట్రాలు దాటి వచ్చిన షోకిలా వేటగాడు కాదు. 1993 నవంబరులో కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్రంలో మైలో హాన్సన్ అనే మామూలు రైతు! అదీ తన ఊరి పరిసరాల్లోనే!

టికెట్ కొన్నాకే తూటా

అమెరికాలో తుపాకీ ఉన్నవాడల్లా అడవిలోకి దూరి కాల్చేస్తాడనుకుంటే పొరపాటు. ముందు వేట పాఠాలు నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తర్వాత లైసెన్సు. దాని మీద జింకకో 'ట్యాగ్'. అంటే ఒక్కో జింకకు ఒక్కో టికెట్ అన్నమాట. కొట్టిన జింకకు ఆ చీటీ తగిలించాలి. ఏ నెలలో, ఏ ఆయుధంతో, ఎన్ని కొట్టాలో అన్నీ రాసిపెట్టి ఉంటాయి. తుపాకీ వేట రోజుల్లో దూరానికి కనిపించేలా కాషాయం రంగు చొక్కాయో, టోపీయో వేసుకోవాలని చాలా రాష్ట్రాల నిబంధన.

సొంత రాష్ట్రం వాళ్లకైతే ఇదంతా చవక. పరాయి రాష్ట్రం వాళ్లకే జేబు ఖాళీ! అయోవాలో బయటివాళ్లకు జింక అనుమతి, లైసెన్సు కలిపి 600 డాలర్లకు పైనే. అంటే యాభై వేల రూపాయల పైమాటే. డబ్బు కట్టినా వెంటనే దొరకదు. లాటరీ తీస్తారు. మంచి జింకలున్న చోటైతే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. దారి చూపే గైడు, బస, భూమి అద్దె కూడా కలిపితే లెక్క వేల డాలర్లలోకి వెళుతుంది.

ఇంత కట్టుదిట్టం ఊరికే రాలేదు. ఒకప్పుడు అక్కడా జింక మాంసం, తోళ్లు బజారులో అమ్ముకునేవాళ్లు. అమ్మకం కోసం చంపుకుంటూ పోతే, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి దేశం మొత్తం మీద మిగిలినవి అయిదు లక్షలో, అంతకన్నా తక్కువో. అప్పుడు కళ్లు తెరిచారు. దొంగ వేట సరుకును రాష్ట్రం దాటించడం నేరమంటూ 1900లో లేసీ చట్టం తెచ్చారు. దాన్ని ప్రతిపాదించిన జాన్ లేసీ ఆ అయోవా ప్రతినిధే! వేటాడిన అడవిజింక మాంసం అమ్మకాన్ని ఆపేశారు. 1937లో ఇంకో చట్టం చేశారు. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల రక్షణ కోసం రాష్ట్రాలకు పంచాలన్నది దాని సారాంశం. రైఫిల్ కొంటే 11 శాతం అందుకే వెళుతుంది. లైసెన్సు డబ్బూ అంతే.

ఫలితం... ఇప్పుడక్కడ తెల్ల తోక జింకలు దాదాపు మూడు కోట్లు! అదీ మరీ ఎక్కువై, ఏటా పది లక్షలకు పైగా వాహనాలు జింకల్ని ఢీకొంటున్నాయి. పెరళ్లలో పూలమొక్కలు మిగలడం లేదు. మెదడును తినేసే ఒక అంతుచిక్కని జబ్బు మందల్లో పాకుతోంది. అందుకే చాలా రాష్ట్రాలు బయటి నుంచి జింక తలను, వెన్నెముకను తేనివ్వవు. ఎముక తీసిన మాంసం, శుభ్రం చేసిన కొమ్ములు మాత్రమే తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం రైతు సంగతి. టెక్సాస్‌లో భూమి చాలావరకు ప్రైవేటు వాళ్లదే. వేటగాడు ఆ భూమిలో అడుగుపెట్టాలంటే రైతుకు కౌలు కట్టాలి. జింక వచ్చి గడ్డి తిన్నా, నష్టం కొంతైనా పూడ్చే ఆదాయం ఆ జింక నుంచే వస్తుంది.

ఆ టెక్సాస్‌లోనే మనకు తెలిసిన ఓ చుట్టం కూడా ఉంది. ఒంటి నిండా తెల్లచుక్కలతో మన మచ్చల దుప్పి! 1932లో అక్కడికి తీసుకెళ్లారు. కంచెలు దాటి, అడవుల్లోకి చేరి, మందలు కట్టింది. 'యాక్సిస్ డీర్' అని పిలుస్తారు. పరాయి జంతువు కనుక దాన్ని కొట్టడానికి కాలం అడ్డు లేదు, లెక్క అడ్డు లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. ఇక్కడ 2014లో తెలంగాణ రాష్ట్ర జంతువుగా గద్దెనెక్కింది కూడా ఆ దుప్పే! ఒకే జంతువు... ఒకచోట రాచమర్యాద, ఒకచోట పరాయి పశువు.

దొర వేట, ఊరి చాకిరీ

మరి మన దగ్గర ఈ టికెట్ పద్ధతి ఎందుకు రాలేదు? ఇక్కడ వేట ఎప్పుడూ అందరిదీ కాదు కాబట్టి.

నిజాం కాలంలో పెద్ద వేటంటే అధికారం ఉన్నవాళ్ల వినోదం. దేశాలు దాటి కూడా వచ్చేవారు. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అతిథిగా వచ్చి తాండూరు అడవుల్లో పులిని కొట్టాడు. ఆయన తన జీవితంలో చంపిన జంతువులు, పక్షుల చిట్టా దాదాపు 2.75 లక్షలు! చెక్ దేశంలోని ఆయన కోటలో గోడల నిండా ఇప్పటికీ కొమ్ములే. 1914లో సరయెవోలో ఆ వేటగాడే తూటాకు బలై, మొదటి ప్రపంచయుద్ధానికి నిప్పు రాజేశాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ ప్రాంతానికి వేటకొచ్చాడు. చచ్చిన పులి ముందు భార్యతో కలిసి ఆయన తీయించుకున్న ఫొటో చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఆ ఫొటోల్లో కనిపించనివాళ్లు వేరే ఉన్నారు. తెల్లవారుజామునే డప్పులు, కర్రలతో అడవిని చుట్టుముట్టి, అరుస్తూ జంతువును తుపాకీ ముందుకు తోలుకొచ్చింది ఊరి జనం. పులి ఎదురు తిరిగితే ముందు దొరికేదీ వాళ్లే. చాకిరీ వాళ్లది, చర్మం దొరది. అమెరికాలో పాతిక డాలర్లకో, యాభై డాలర్లకో లైసెన్సు కొనుక్కున్న మేస్త్రీ కూడా వేటగాడే. ఇక్కడ వేట హోదాకు గుర్తు. ఆ హోదా చూపించుకోవడానికి ఎన్ని చంపాలో పరిమితి అంటూ లేదు.

స్వాతంత్య్రం వచ్చాకా తుపాకులు ఆగలేదు. మన దేశంలో చిరుత పులికి దగ్గరి పోలికలున్న చీతా అంతరించిపోయిందని 1952లో ప్రకటించాల్సి వచ్చింది. విదేశీయులను పులివేటకు తీసుకొచ్చే కంపెనీలు కూడా నడిచాయి. 1972లో లెక్కేస్తే దేశంలో మిగిలిన పులులు 1,800 పైచిలుకు. ఆ సంవత్సరమే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నిన్నటిదాకా నవాబుల వేటమైదానాలుగా ఉన్నవి ఒక్కొక్కటే జంతువుల ఇళ్లయ్యాయి. మెదక్ వైపు పోచారం అభయారణ్యం, హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర కృష్ణజింకలున్న మహావీర్ హరిణ వనస్థలి అలాంటివే.

చట్టం ముందు హోదా పనిచేయదని జనానికి గట్టిగా తెలిసింది సల్మాన్ ఖాన్ కేసుతో. 1998లో ముంబయి నుంచి సినిమా షూటింగు కోసం రాజస్థాన్ వెళ్లినప్పుడు కృష్ణజింకల్ని వేటాడారన్నది అభియోగం. ఆ ఊరి బిష్ణోయ్‌లు వదిలిపెట్టలేదు. జోధ్‌పూర్ కోర్టు 2018లో అయిదేళ్ల శిక్ష వేసింది. ఆయన బెయిల్ మీద వచ్చి అప్పీలు చేసుకున్నారు. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు జంతువును చంపితే ఇప్పుడు మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం పాతికవేల రూపాయల జరిమానా.

హైదరాబాద్ తుపాకీ, బిహార్ పొలం

అయితే మన దగ్గరి నుంచి రాష్ట్రం దాటి వెళ్లి తుపాకీ పేల్చినవాళ్లే లేరా అంటే ఉన్నారు. కాకపోతే అది ట్రోఫీ కోసం కాదు, సర్కారు పిలిస్తే.

బిహార్‌లో గంగ ఒడ్డున మొకామా అనే ప్రాంతం ఉంది. పప్పుధాన్యాలకు పేరు. అక్కడ మనుబోతుల మందలు పంటల మీద పడి రైతుల్ని ఏడిపించాయి. బిహార్ కోరితే కేంద్రం 2015 డిసెంబరులో ఏడాదిపాటు కొన్ని జిల్లాల్లో మనుబోతుల్ని 'హానికర జంతువులు'గా ప్రకటించింది. 2016 జూన్‌లో హైదరాబాద్ వేటగాడు నవాబ్ షఫత్ అలీఖాన్ బృందం అక్కడికి వెళ్లింది. కొద్దిరోజుల్లో రెండు వందలకు పైగా మనుబోతుల్ని కాల్చింది. దేశమంతా గగ్గోలు! ఇదేం చంపుడు సరదా అంటూ కేంద్రమంత్రి మేనకాగాంధీ తన తోటి మంత్రి ప్రకాశ్ జావడేకర్ శాఖనే తప్పుబట్టారు. రాష్ట్రాలు అడిగాయి కాబట్టే అనుమతించామన్నది జావడేకర్ జవాబు. ఢిల్లీలో మంత్రుల మాటలు పతాక శీర్షికలయ్యాయి. పంట పోయిన మొకామా రైతు పేరు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

పంట ఎవరిది? జింక ఎవరిది?

కథ మళ్లీ కోరుట్లకే వస్తుంది. గోదావరికి అవతల జన్నారం అడవులు. 2012లో పులుల అభయారణ్యంగా మారిన కవ్వాల్ అదే. ఇవతల జగిత్యాల మక్కచేన్లు, పసుపుతోటలు. సిరిసిల్ల వైపు గుట్టలు, వాటి అంచున పొలాలు. జంతువుకు హద్దురాయి తెలియదు. రాత్రి అడవి పందుల మంద దిగితే తెల్లారేసరికి మక్కచేను నేలమట్టం. పగలు కోతులు. అడవి పందుల వరకైతే అధికారుల అనుమతితో, గుర్తింపు ఉన్న షూటర్లతో కాల్పించే ఏర్పాటు తెలంగాణలో ఉంది. కానీ ఆ కాగితం చేతికొచ్చేలోగా పంట ఉండాలి కదా!

ఓపిక నశించినచోట మొదలయ్యేదే అసలు ప్రమాదం. చేను చుట్టూ తీగ లాగి దానికి కరెంటు పెట్టడం. ఆ తీగకు పందికీ మనిషికీ తేడా తెలియదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు, మేకల్ని వెతుక్కుంటూ వచ్చిన పిల్లాడు, కొన్నిసార్లు తీగ పెట్టిన మనిషే దానికి బలైపోతున్నారు. మాంసం అమ్ముకునే దొంగ వేటగాళ్లు పెట్టే తీగలు దీనికి అదనం. ఒక్క రాత్రి పంట కాపాడబోయి ఓ ఇంటి దీపం ఆర్పేయడం, ఆపైన జైలుపాలవడం... ఇంతకన్నా నష్టపు బేరం లేదు. సోలార్ కంచె వేరు. అది ఆగి ఆగి ఒక్క క్షణం మాత్రమే కొట్టి బెదరగొడుతుంది, చంపదు. ఖర్చు తట్టుకోలేనివాళ్లు పదిమంది కలిసి వేసుకోవాల్సిన కంచె అది.

పాత ఇళ్లలో, గడీల్లో గోడలకు వేలాడే కొమ్ముల సంగతీ ఓ మాట. మన చట్టం ప్రకారం ట్రోఫీ అంటే సర్కారు ఆస్తి. తాతల నాటిదైనా సరే, యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఉంచుకోకూడదు. లెక్క చెప్పుకోవడానికి 2003లో ప్రభుత్వం ఓసారి గడువు కూడా ఇచ్చింది. అమ్మడమైతే ఏ కాగితంతోనూ కుదరదు. అడవిలో రాలిన దుప్పికొమ్మును ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నా చిక్కే.

అమెరికాలో ఉన్న పిల్లలకూ ఒక హెచ్చరిక. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే దానికి మినహాయింపు ఉంది. స్నేహితుడు పిలిచాడని లైసెన్సు లేకుండా సరదాకు రైఫిల్ చేతిలోకి తీసుకుని ఫొటో దిగితే, కొమ్ముల సంగతి దేవుడెరుగు, వీసాకే ఎసరు.

మళ్లీ ఆ వీడియో కాల్ దగ్గరికి వద్దాం. కొడుకు తనకు తెలిసినంతలో వివరిస్తాడు. అక్కడ ముందు లెక్క కట్టి, ఎన్ని మిగలాలో తేల్చుకుని, తర్వాతే టికెట్లు అమ్ముతారనీ... ఇక్కడ లెక్కాపత్రం లేకుండా దొరలు చంపుకుంటూ పోతే, మిగిలిన కాసిన్నిటిని కాపాడటానికి తలుపులు మొత్తం మూసేయాల్సి వచ్చిందనీ... చెబుతాడు. రెండు దారుల్లోనూ జింక బతికింది. ఖర్చు ఎవరి మీద పడిందన్నదే తేడా.

తండ్రి మొత్తం విని, సూటిగా తేల్చేస్తాడు.

'అంటే... ఆడ జింకొస్తె రైతుకు ఆమ్దానీ. ఈడ వస్తె నుక్సాన్. గంతే గదరా!'

కొడుకు దగ్గర దానికి జవాబు లేదు. చట్టాన్ని సడలించి మళ్లీ తుపాకులు పంచమని కాదు ఆ మాటకు అర్థం. దుప్పిని రాష్ట్రానికి గుర్తుగా పెట్టుకున్నాక, దాన్ని మేపే ఖర్చు అడవి అంచున ఉన్న నాలుగు ఊళ్ల మీదే పడకూడదని. దరఖాస్తు పెట్టిన రైతుకు పంట కోతలోగా పరిహారం చేతికందాలని. కంచెకు సాయం అందాలని. కొమ్ముల్ని అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలిచే ఓపిక మనిషికి ఉన్నప్పుడు, పాడైన మక్కచేనును గుంటల్లో కొలవడం అంత కష్టమేం కాదు.

'సరే, జాగ్రత్తరా. తుపాకుల జోలికి పోకు' అని తండ్రి ఫోన్ పెట్టేస్తాడు. కొడుకుకు ఆఫీసు వేళవుతోంది. ఇక్కడ చీకటి పడింది. టార్చిలైటు, ఓ డబ్బా, దాన్ని మోగించడానికి ఓ కర్ర తీసుకుని ఆయన చేనువైపు నడుస్తాడు. మంచె ఎక్కాల్సిన వేళయింది మరి.